పదికి ఒక్క మార్కు!

పదికి ఒక్క మార్కు వచ్చింది. అయినా ఫస్టొచ్చాడు!

ఇదేమీ పొడుపు కథ కాదు. 2015 అక్టోబరులో పోలెండ్ రాజధాని వార్సాలో నిజంగా జరిగిన సంగతి. అక్కడి షోపాన్ పియానో పోటీలో ఫైనల్‌కి పదిమంది చేరారు. అందులో ఒకడు దక్షిణ కొరియా కుర్రాడు సంగ్‌జిన్ చో. వయసు 21. జడ్జీల బల్ల దగ్గర 17 మంది కూర్చున్నారు. అందరూ ప్రపంచం మెచ్చిన విద్వాంసులే. చో వాయించడం ముగించాక చాలామంది పదికి తొమ్మిదో, పదో వేశారు. ఒకాయన మాత్రం ఒకటి వేశాడు. అవును, అక్షరాలా ఒకే ఒక్క మార్కు!

ఆయన సంగీతం తెలియనివాడా అంటే కాదు. పేరు ఫిలిప్ ఆంత్రెమాన్. ఫ్రాన్స్ దేశస్థుడు. అప్పటికి ఆయన వయసు 81. దశాబ్దాల తరబడి దేశదేశాలు తిరిగి కచేరీలు చేసిన పెద్దమనిషి. పోటీ అయ్యాక నిర్వాహకులు ఎవరెవరు ఎన్నేసి మార్కులు వేశారో బయటపెట్టేసరికి సంగీత లోకంలో పెద్ద దుమారమే రేగింది. ఆ ఒకటి వెనక ఏముందో రకరకాలుగా ఊహించినవాళ్లు ఊహించారు. ఆ ఊహలు మనకొద్దు. నన్ను తొలిచిన ప్రశ్న వేరు. ఒకే హాలు, ఒకే పియానో, ఒకే నలభై నిమిషాలు. ఒకరి చెవికి అది పదిలా, మరొకరి చెవికి ఒకటిలా ఎలా వినిపించింది?

ఈ ప్రశ్న నాకెందుకు వచ్చిందో కూడా చెప్పాలి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఏడేళ్ల వయసు నుంచీ వీణ నేర్చుకుంటోంది. పోయినేడాది ఒక పోటీకి వెళ్లింది. ముగ్గురు జడ్జీలు. ఇద్దరు ఎనిమిదేసి వేశారు. మూడో ఆయన పదికి మూడు వేశారు. పక్కన ‘మరీ నెమ్మది’ అని రాశారు. అమ్మాయికి ఐదో స్థానం వచ్చింది. ఇంటికొచ్చి వీణ మీద గుడ్డ కప్పింది. ఆ గుడ్డ అలాగే ఉండిపోయింది. మేం బతిమాలాం, కోప్పడ్డాం, చివరికి ఊరుకున్నాం. వాళ్ల నాయనమ్మ మాత్రం రోజూ ఆ గుడ్డ మీద దుమ్ము దులుపుతూ ఉండేది.

సరే, వార్సాకి వద్దాం. ముందు పేరు. ఇంగ్లిషు స్పెల్లింగ్ చూసి మనం ‘చోపిన్’ అని చదివేస్తాం. షోపాన్ అనాలి. 1810లో పోలెండ్‌లో పుట్టాడు. ఇరవయ్యేళ్లకు దేశం విడిచి వెళ్లి, మళ్లీ తిరిగి రాలేకపోయాడు. 1849 అక్టోబరు 17న పారిస్‌లో కన్నుమూశాడు. శరీరాన్ని అక్కడే ఖననం చేశారు. గుండెను మాత్రం అక్క లుడ్వికా వార్సాకి తీసుకొచ్చింది. అది ఇప్పటికీ అక్కడి హోలీ క్రాస్ చర్చిలో ఒక స్తంభంలో ఉంది. తమ ఊరికి తిరిగొచ్చింది ఆ గుండె ఒక్కటే కాబట్టి పోలెండ్ వాళ్లకి ఆయన సంగీతమంటే అంత మమకారం.

ఆయన పేరు మీద ఈ పోటీని 1927లో మొదలుపెట్టారు. ఆలోచన యెర్జీ జురావ్లెవ్ అనే పియానో మాస్టారిది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కుర్రకారంతా ఆటల పోటీల మీద పడ్డారట. షోపాన్ సంగీతమంటే ఏడుపుగొట్టు వ్యవహారమని పెదవి విరిచేవారట. అలాంటప్పుడు ఈయనకో ఉపాయం తట్టింది. ఆటలంటే ఇష్టం కదా, పియానోని కూడా పోటీ చేసేస్తే పోలా అని! అలా మొదలైంది. ఐదేళ్లకోసారి జరుగుతుంది. 2020లో జరగాల్సింది కరోనా వల్ల 2021కి వెళ్లింది. ఇందులో మొదటి రౌండు నుంచి చివరిదాకా షోపాన్ రచనలు తప్ప మరొకటి వాయించకూడదు. అక్టోబరు 17 వచ్చిందంటే పోటీకి సెలవు. ఆ సాయంత్రం ఆయన గుండె ఉన్న చర్చిలోనే ఆయన జ్ఞాపకార్థం సంగీతం వినిపిస్తారు.

ఇప్పుడు నా ప్రయోగం సంగతి. ఈ పోటీలో వాయించినవన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి. పైసా ఖర్చు లేదు. ఒక ఆదివారం భోజనాలయ్యాక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టాను. మా అమ్మ, మా ఆవిడ, మా అమ్మాయి, నేను. అందరికీ తలో కాగితం, పెన్సిలు. 2015 ఫైనల్లో మొదటి నాలుగు స్థానాలు వచ్చినవాళ్లు వాయించిన నెమ్మది భాగాన్ని మాత్రం, ఒక్కొక్కరిదీ పది నిమిషాలు వినిపిస్తానన్నాను. పేర్లు చెప్పలేదు. బొమ్మ కనిపించకుండా ఫోను తిప్పిపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పదికి మార్కులు వేయండి అన్నాను.

మా అమ్మ కీర్తనలు పాడుతుంది. డెబ్బై ఎనిమిదేళ్లు. మొదలుపెట్టకముందే పాయింటు లేవనెత్తింది. ‘‘ఒరేయ్, పియానోలో గమకం పలకదు కదరా! దాంట్లో ఒకడి వాయింపుకీ ఇంకొకడి వాయింపుకీ తేడా ఏముంటుంది?’’

మంచి ప్రశ్నే. వీణ మీద తీగను పక్కకి లాగితే స్వరం ఊగుతుంది, జారుతుంది, మలుపు తిరుగుతుంది. పియానోలో ఆ వీలు లేదు. మొత్తం 88 మెట్లు. మెట్టు నొక్కగానే లోపల ఒత్తుగా ఉన్ని అతికించిన చిన్న సుత్తి వెళ్లి తీగను కొడుతుంది. అంతే. మోగిన మరుక్షణం నుంచీ ఆ శబ్దం తగ్గిపోతూ ఉంటుంది. దాన్ని పెంచలేం, వంచలేం. వాయించేవాడి చేతిలో ఉన్నవి మూడే మూడు. ఎంత గట్టిగా కొట్టాలి, ఎప్పుడు కొట్టాలి, ఎంతసేపు మోగనివ్వాలి. చివరిదానికి వేళ్లతో పాటు కాలి కింద పెడల్ కూడా సాయపడుతుంది.

ఈ మూడింటితోనే అది పాట పాడుతున్నట్టు భ్రమ కలిగించాలి. షోపాన్ తన శిష్యులకు మంచి గాయకుల పాట వినండని చెప్పేవాడు. ఆయన సంగీతంలో ‘రుబాటో’ అని ఒకటుంది. దొంగిలించిన కాలం అని ఆ మాటకర్థం. ఒకచోట కాస్త ఆగడం, మరోచోట కాస్త ముందుకు జరగడం. ఎడమ చేయి తాళం తప్పకూడదనీ, కుడి చేయి మాత్రం స్వేచ్ఛగా పాడుకోవచ్చనీ ఆయన నేర్పేవాడట. మృదంగం గట్టిగా తాళం పట్టుకుని ఉంటే, దాని మీద గాయకుడు ముందూ వెనకా ఊగినట్టన్నమాట. ఎంత దొంగిలించాలి అన్నది ఎవరూ కాగితం మీద రాయలేరు. అక్కడే మనిషి బయటపడతాడు. ఒకే త్యాగరాజ కీర్తన బాలమురళి గొంతులో ఒకలా, నేదునూరి గొంతులో మరోలా ఉండదూ? అలాగే.

మా అమ్మ ‘‘సరే కానీ’’ అంది.

ఫైనల్లో వాయించాల్సింది కాన్‌చెర్టో. పియానో ఒకవైపు, ఆర్కెస్ట్రా మొత్తం మరోవైపు. షోపాన్ జీవితంలో రెండే రాశాడు. రెండూ ఇరవయ్యేళ్ల వయసుకే. ముందు రాసింది ఎఫ్ మైనర్. దాని నెమ్మది భాగం వెనక ఒక కథ ఉంది. కాన్‌స్టాంజా అనే గాయని మీద ఆయనకు ఇష్టం. ఆ అమ్మాయికి చెప్పుకోలేక, తన మనసులో మాట స్నేహితుడికి ఉత్తరంలో రాసుకున్నాడు. రెండోది ఇ మైనర్. దాన్ని 1830 అక్టోబరు 11న వార్సాలో తన వీడ్కోలు కచేరీలో వాయించాడు. ఆ కచేరీలో ఆ అమ్మాయి కూడా పాడింది. మూడు వారాలకే ఆయన ఊరు విడిచాడు. పోటీలో ఎక్కువమంది ఎంచుకునేది ఈ ఇ మైనరే. 2015లో పదిమందిలో తొమ్మిది మంది అదే వాయించారు.

ఒకటో నంబరు మోగింది. అది సంగ్‌జిన్ చో. ముత్యాలు కూర్చినట్టు ఒక్కో స్వరం విడివిడిగా, శుభ్రంగా వినిపిస్తుంది. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా సాగదీత లేదు. ఏ మాట తర్వాత ఏ మాట రావాలో ముందే ఆలోచించుకుని మాట్లాడే మనిషిలా ఉంటాడు. బాధ ఉంది, కానీ కళ్లలో నీళ్లు కనపడనివ్వడు. నాకు మాత్రం మంచి తెల్లటి గోడ మీద ఎండ పడినట్టు అనిపించింది.

రెండోది చార్లెస్ రిచర్డ్ హామెలిన్. కెనడాలోని క్యుబెక్ నుంచి వచ్చాడు. వయసు 26. ఆ పదిమందిలో ఎఫ్ మైనర్ ఎంచుకున్నది ఈయనొక్కడే. అందరూ ఒక దారిన పోతుంటే తనకు నచ్చిన దారిన వెళ్లిన మనిషి. ఆయన చేతిలో పియానో శబ్దం గుండ్రంగా, వెచ్చగా ఉంటుంది. గట్టిగా కొట్టినా గుచ్చుకోదు. వరండాలో పడక కుర్చీలో కూర్చుని ఇంటి పెద్దాయన పాత సంగతులు చెబుతున్నట్టు ఉంటుంది. తనను చూడమని ఎక్కడా అడగడు.

మూడోది కేట్ లియూ. సింగపూర్‌లో పుట్టి, ఎనిమిదేళ్లప్పుడు అమెరికా వెళ్లిన అమ్మాయి. వయసు 21. తెర చూసినవాళ్లకు ఆమె మొహం పైకెత్తి, కళ్లు మూసుకుని ఎక్కడో ఉన్నట్టు కనిపిస్తుంది. తెర చూడకపోయినా ఆ ఎక్కడో అన్నది చెవికి తెలుస్తుంది. నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా. ఒక స్వరానికీ మరో స్వరానికీ మధ్య ఆగిపోతుందేమోనని మనకి గుండె దడ. కానీ ఆగదు. వార్సాలో ప్రేక్షకులు ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. పోలెండ్ వాళ్ల మూడు దెబ్బల జానపద నృత్యం మజుర్కా. ఆ మజుర్కాలు వాయించడంలో ప్రత్యేక బహుమతి కూడా ఈమెకే వచ్చింది. సొంతగడ్డ నడకని పరాయి దేశం పిల్ల పట్టుకుందని అక్కడివాళ్లు ఒప్పుకున్నట్టే కదా!

నాలుగోది ఎరిక్ లూ. అమెరికా కుర్రాడు. అప్పటికి పదిహేడేళ్లే. తమాషా ఏమిటంటే కేట్ లియూ, ఇతనూ ఒకే సంగీత కళాశాలలో, ఒకే గురువు దగ్గర చదువుకున్నారు. అయినా ఆమె ధ్యానం వేరు, ఇతని మౌనం వేరు. ఆమె ఆకాశం వైపు చూస్తే, ఇతను తన లోపలికి చూసుకుంటాడు. ఎంత మెల్లగా వాయిస్తాడంటే, పక్కనున్నవాళ్లు దగ్గినా మనకు కోపం వస్తుంది.

కాగితాలు తీసుకున్నాను. మా అమ్మ వేసిన మార్కులు వరుసగా 5, 8, 10, 8. మా ఆవిడవి 8, 10, 6, 7. మా అమ్మాయివి 10, 8, 3, 6. నావి 8, 8, 8, 9. నా కాగితం చూసి మా ఆవిడ ‘‘మీరెప్పుడూ ఇంతే. ఎవరినీ నొప్పించరు’’ అంది.

కూడితే ఏమైందో చూడండి. హామెలిన్‌కి 34, చోకి 31, ఎరిక్ లూకి 30, కేట్ లియూకి 27. మా ఇంటి పోటీలో హామెలిన్ ఫస్టు! ఇందులో విచిత్రం గమనించారా? ఆయనకు అందరికన్నా ఎక్కువ వేసింది మా ఆవిడ ఒక్కతే. మిగతా ముగ్గురికీ ఆయన రెండో స్థానమే. కానీ ఆయన ఎవరికీ చేదు కాలేదు. కేట్ లియూ మా అమ్మకి అందరికన్నా మిన్న, మా అమ్మాయికి అందరికన్నా అడుగు. కూడికలో ఆమె చివరికి పోయింది. మార్కులు కూడి గెలిపించే పద్ధతిలో ఉండే తిరకాసు ఇదే. కొందరిని పిచ్చిగా మెప్పించి కొందరిని విసిగించేవాడి కన్నా, ఎవరూ కాదనలేనివాడికి లాభం.

ఇంకో లెక్క కూడా ఉంది. జడ్జీలు ముగ్గురో నలుగురో అయితే ఒక్క తక్కువ మార్కు కొంప ముంచేస్తుంది. వార్సాలో 17 మంది. అందుకే ఆ ఒక్క మార్కు చోని ముంచలేకపోయింది. మొదటి బహుమతి అతనికే వచ్చింది. ఆ పోటీలో వాయించిన సంగీతంతో వచ్చిన ఆల్బమ్ కొరియాలో సినిమా పాటలు, పాప్ పాటలు అమ్ముడైనట్టు అమ్ముడయింది. హామెలిన్‌కి రెండు, కేట్ లియూకి మూడు, ఎరిక్ లూకి నాలుగు.

మార్కులయ్యాక అసలు గొడవ మొదలైంది.

‘‘నాయనమ్మా, ఒకటో నంబరుకి ఐదేంటి? ఒక్క తప్పు లేదు!’’ అంది మా అమ్మాయి.

‘‘తప్పు లేదు తల్లీ, ఒప్పుకుంటాను. కానీ నాకు ఎక్కడో ఒకచోట ఆ పిల్లాడు ఆగి, ఊపిరి పీల్చుకుంటే బాగుండనిపించింది. ఆ మూడో పిల్ల ఆగింది. పూజగదిలో దీపం కొడిగట్టకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తామే, అలా నడిచింది.’’

‘‘నాకైతే నిద్రొచ్చింది. మరీ నెమ్మది...’’

ఆ మాట అని మా అమ్మాయి ఆగిపోయింది. మాకు కూడా అర్థమైంది. ఎవరూ ఏమీ అనలేదు. అది తన కాగితం తీసుకుని మూడో నంబరు పక్కన రాసిన అంకె చూసుకుంది. మూడు. కాసేపటికి ‘‘నాన్నా, ఆ మూడో ఆవిడకి నిజం పోటీలో ఎంతొచ్చింది?’’ అని అడిగింది. మూడో బహుమతి, మజుర్కా బహుమతి, హాలు నిండా అభిమానులు అని చెప్పాను. ‘‘మరి నేను మూడు వేశానే!’’ అంది. అందులో తప్పు చేసినట్టూ ఉంది, ఆశ్చర్యమూ ఉంది.

ఆ రోజు దానికి ఇంకో రెండు కథలు చెప్పాను. మీకూ చెబుతాను.

మొదటిది 1980 నాటిది. అదే వార్సా, అదే పోటీ. యుగోస్లావియా నుంచి ఇవో పోగొరెలిచ్ అనే 21 ఏళ్ల కుర్రాడు వచ్చాడు. రాసినదాన్ని రాసినట్టు వాయించే రకం కాదు. వేగాలు మార్చేవాడు, మెల్లగా వాయించాల్సినచోట గట్టిగా వాయించేవాడు. కొందరు జడ్జీలు ఇది షోపానే కాదన్నారు. అతన్ని ఫైనల్‌కి రానివ్వలేదు. జడ్జీల్లో మార్తా అర్గెరిచ్ ఉంది. 1965లో ఇదే పోటీ గెలిచిన మహా విద్వాంసురాలు. అతను మేధావి అని చెప్పి, నిరసనగా జడ్జి పదవికి రాజీనామా చేసి వెళ్లిపోయింది. దాంతో ఫైనల్‌కి రానివాడు ప్రపంచ ప్రసిద్ధుడైపోయాడు.

మరి ఆ ఏడాది గెలిచిందెవరు? వియత్నాం కుర్రాడు డాంగ్ థాయ్ సన్. ఆసియా నుంచి ఈ పోటీ గెలిచిన మొదటివాడు. యుద్ధంలో బాంబులు పడుతుంటే హనోయ్ వదిలి కొండల్లో తలదాచుకుంటూ పియానో నేర్చుకున్నాడు. 1970లో వాళ్లమ్మ ఈ పోటీ చూడ్డానికి వార్సా వెళ్లి, తిరిగొస్తూ రికార్డులు, సంగీతం పుస్తకాలు మోసుకొచ్చింది. ఆ రికార్డుల్లో అర్గెరిచ్‌వి కూడా ఉన్నాయి. పాపం, పోగొరెలిచ్ గొడవలో ఇతని విజయానికి రావాల్సినంత పేరు రాలేదు. పోగొరెలిచ్ వాయింపు ఉప్పెన అయితే ఇతనిది చెరువు మీద వెన్నెల. రెండూ నీళ్లే. ఒకదానితో ఒకదాన్ని కొలవడమెలా? ఈ కథకి కొసమెరుపు ఏమిటంటే, 2015లో చోకి మార్కులు వేసిన జడ్జీల బల్ల దగ్గర అర్గెరిచ్, డాంగ్ థాయ్ సన్ ఇద్దరూ కూర్చున్నారు.

రెండో కథ మన నాలుగో నంబరు ఎరిక్ లూది. పదిహేడేళ్లకి నాలుగో స్థానం అంటే చిన్న సంగతేమీ కాదు. కానీ మొదటిది కాదు. ఏం చేశాడు? గట్టిగా వాయిస్తే మార్కులొస్తాయని గట్టిగా వాయించడం మొదలుపెట్టలేదు. తన మెల్లదనాన్నే సానపట్టుకున్నాడు. డాంగ్ థాయ్ సన్ దగ్గర కూడా చదువుకున్నాడు. 2018లో ఇంగ్లండులోని లీడ్స్ పోటీ గెలిచాడు. పెద్ద కంపెనీ ఆల్బమ్‌లు వేసింది. కచేరీలు బోలెడు. ఇక పోటీలతో పనిలేని స్థితి. అలాంటివాడు 2025 అక్టోబరులో మళ్లీ వార్సా పోటీకి వచ్చాడు! ఓడిపోతే ఉన్న పేరు పోతుంది. వయసు 27. చుట్టూ చాలామంది తనకన్నా చిన్నవాళ్లే.

ఆ ఫైనల్ కూడా నాలుగు దిక్కుల సంగీతమే. 11 మంది ఫైనలిస్టులు. కెనడా నుంచి కెవిన్ చెన్. ఇరవయ్యేళ్లు. వేళ్లు విరిగిపోయేంత కష్టమైన పన్నెండు ఎట్యూడ్‌ల మొత్తం కట్టని రెండో రౌండులో ఏకబిగిన వాయించేసినవాడు. చైనా నుంచి పదహారేళ్ల త్యెన్యావ్ లూ. కాన్‌చెర్టో బాగా వాయించినందుకు ప్రత్యేక బహుమతి ఆమెదే. భయమంటే ఏమిటో ఇంకా తెలియని వయసు ఆ వాయింపులో వినిపిస్తుంది. వాళ్ల మధ్య ఎరిక్ లూ తన పద్ధతిలో తాను మెల్లగా, లోపలికి చూసుకుంటూ వాయించాడు. ఈసారి ఇ మైనర్ కాదు, ఎఫ్ మైనర్ ఎంచుకున్నాడు. షోపాన్ ఆ అమ్మాయికి చెప్పుకోలేకపోయిన మాట ఉన్నది. దానితో మొదటి బహుమతి గెలిచినవాడు 1980లో గురువు డాంగ్ థాయ్ సన్ తర్వాత మళ్లీ ఈ శిష్యుడే. కెవిన్ చెన్‌కి రెండో బహుమతి వచ్చింది. ఆ ఏడాది జడ్జీల అధ్యక్షుడు గారిక్ ఓల్సన్. పదేళ్ల కింద లూకి నాలుగో స్థానం ఇచ్చిన జడ్జీల్లో ఆయనా ఒకడు.

2015లో జడ్జీలు పొరపాటు చేశారని నేననను. 2025లో దిద్దుకున్నారనీ అనను. 2015లో చో గెలవడం న్యాయమే. ఆ వాయింపు విన్నవాళ్లు ఒప్పుకుంటారు. మా అమ్మ తప్ప! నేననేది ఒక్కటే. మార్కు అనేది ఆ రోజు, ఆ బల్ల దగ్గర, ఆ మనిషి చెవికి ఎలా వినిపించిందో చెబుతుంది. అంతవరకే. వాయించినవాడు ఏమిటో అది పూర్తిగా చెప్పలేదు. అలాగని మార్కు వేసినవాడు దుర్మార్గుడూ కాదు. మా అమ్మాయి కేట్ లియూకి మూడు వేసినప్పుడు దాని మనసులో ఏ కుళ్లూ లేదు. నిద్రొచ్చింది, అంతే. దానికి మూడు వేసిన ఆ పెద్దాయనకి కూడా ఆ మధ్యాహ్నం అలాగే అనిపించి ఉంటుంది. పైగా ఒక మాట ఒప్పుకోవాలి. నెమ్మదిగా వాయించడం వేరు, నెమ్మదిలో కూడా వినేవాణ్ని పట్టి కూర్చోబెట్టడం వేరు. ఆ రెండోది కష్టం. కేట్ లియూకి కూడా అందరినీ కూర్చోబెట్టడం కుదరలేదు, మా ఇంట్లోనే చూశాం కదా!

మీ ఇంట్లో కూడా ఈ ప్రయోగం చేసి చూడండి. పియానోనే కానక్కర్లేదు. ఒకే కీర్తన నలుగురు పాడింది తీసుకోండి. పేర్లు చెప్పొద్దు. మార్కులు వేసుకోండి. తర్వాత అంకెలు పక్కన పెట్టి, ఎందుకు వేశావని ఒకరినొకరు అడగండి. మా ఇంట్లో ఏడాదిగా ఎవరూ మాట్లాడని విషయం ఆ పూట దానంతటదే మాటల్లోకి వచ్చింది. పిల్లలు పోటీ నుంచి రాగానే ‘ఎన్నో ప్లేసు’ అని గుమ్మంలోనే అడిగేస్తాం. నేనూ అదే అడిగాను. ‘ఏ చోట నీకు బాగా వచ్చిందనిపించింది’ అని అడిగి ఉంటే ఎలా ఉండేదో!

ఇంతకీ వీణ మీద గుడ్డ తీసిందా అని అడగబోతున్నారు కదూ? మొన్న సాయంత్రం తీసింది. వాయించలేదు. వాళ్ల నాయనమ్మని పక్కన కూర్చోబెట్టుకుని శ్రుతి చేసింది. ఏడాది ముట్టకపోతే తీగలు మాట వింటాయా? గంట పట్టింది.

ప్రస్తుతానికి అంతే. మేమెవరం తొందరపెట్టడం లేదు.